ఇదీ ఒక పాటేనా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా పాటల తగాదాలే. పండగ సెలవులకి అందరూ ఒకే ఇంట్లో, ఒకే కారులో ఇరుక్కుని ఉంటారు, అదే కారణమై ఉంటుంది. ఆరు ఉత్తరాలు తీసుకున్నాను. మొదటిదానికి జవాబు కాస్త పొడుగైంది, ఓపిక పట్టండి.

ప్రశ్న: అమ్మా, నాకు 57 ఏళ్లు. మాది విజయనగరం. చిన్నప్పుడు పదేళ్లు వయొలిన్ నేర్చుకున్నాను. ఉద్యోగంలో పడ్డాక కచేరీల దాకా వెళ్లలేదు గానీ ఇప్పటికీ పొద్దున్నే ఒక అరగంట వాయించనిదే కాఫీ ముట్టను. మా అబ్బాయి ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. వాడు వినేది హెవీ మెటల్ అట. గొంతు చించుకుని అరవడం, గిటార్లేమో రంపపు మిల్లులో దుంగలు కోసినట్టు. సంక్రాంతికి పార్వతీపురంలో మా అత్తగారింటికి వెళ్తూ కారులో అదే పెట్టాడు. గజపతినగరం దాకా ఓర్చుకున్నాను, ఆ తర్వాత నా వల్ల కాక 'ఇది సంగీతం కాదురా, రోగం' అన్నాను. వెంటనే ఆపేశాడు. ఆ తర్వాత పండగ నాలుగు రోజులూ చెవుల్లోంచి ఇయర్‌బడ్స్ తీయలేదు, ఏమడిగినా ఊ, ఆ, అంతే. వాడి అభిరుచి మార్చడం ఎలాగో చెప్పండి. – ఒక తండ్రి

జవాబు: మాస్టారూ (వయొలిన్ పట్టుకున్నవాళ్లందరినీ అలా పిలవడం నాకు అలవాటు), మార్చాలా వద్దా అని మీరు అడగలేదు, ఎలా మార్చాలో అడిగారు. నేను అక్కడే ఆగిపోయాను.

మా నాన్నగారూ ఇదే పని చేశారు. మా ఇంట్లో పెద్ద వాల్వు రేడియో ఉండేది, మా అమ్మ కుట్టిన గుడ్డ ముసుగు వేసుకుని, ముందు ఒక పచ్చటి కన్నుతో. అందులో సినిమా పాట మొదలైందంటే ఆయన పేపరు చదువుతున్నవాళ్లు చదువుతున్నట్టే చెయ్యి చాపి టక్కున కట్టేసేవారు. 'ఇల్లా, రికార్డింగ్ డాన్సు పందిరా?' ఎన్నేళ్లు కట్టేశారో లెక్కలేదు. నేను మాత్రం మా చిన్నాన్న ట్రాన్సిస్టర్ దుప్పట్లో పెట్టుకుని జనరంజని వింటూ పెరిగాను. తమాషా ఏమిటంటే, చాలా ఏళ్ల తర్వాత ఒకరోజు ఆయన గడ్డం గీసుకుంటూ ఘంటసాల సినిమా పాట కూనిరాగం తీస్తుంటే విని నవ్వాను. బ్లేడు ఆపి, 'ఇది మోహన రాగమే, నీకేం తెలుసు' అన్నారు!

మా నాన్నగారి సంగతి వదిలేయండి, ఒక ప్రభుత్వమే ఈ ప్రయత్నం చేసింది. 1952లో కేంద్రంలో సమాచార ప్రసార శాఖ మంత్రిగా వచ్చిన బి.వి. కేస్కర్‌కి సినిమా పాటలంటే గిట్టదు. జనానికి శాస్త్రీయ సంగీతం అలవాటు చేయాలని ఆకాశవాణిలో సినిమా పాటల్ని తగ్గించుకుంటూ పోయి, దాదాపు లేకుండా చేశారు. జనం ఏం చేశారు? ముల్లు తిప్పి సిలోన్ (ఇప్పటి శ్రీలంక) రేడియో పెట్టుకున్నారు. బినాకా గీత్‌మాలా అనే హిందీ సినిమా పాటల కార్యక్రమం అక్కడ మొదలైంది కూడా ఆ రోజుల్లోనే. బుధవారం సాయంత్రం దేశం చెవులన్నీ కొలంబో వైపే. చివరికి 1957 అక్టోబరులో ఆకాశవాణే వివిధ భారతి పెట్టి, పోగొట్టుకున్న శ్రోతల్ని వెనక్కి పిలుచుకోవాల్సి వచ్చింది. ఢిల్లీలో మంత్రిగారు అయిదేళ్లు పట్టుబట్టినా కాని పని మీరు విజయనగరం నుంచి పార్వతీపురం చేరేలోపు కారులో చేసేద్దామనుకున్నారు.

ఇంకోటి కూడా అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. రోజూ పొద్దున్న మీరు గడ్డం కింద పెట్టుకునే ఆ పెట్టె, సారీ, ఛాతీకీ పాదానికీ మధ్య ఆనించుకునే ఆ వాయిద్యం, ఎక్కడిది? కర్ణాటక సంగీత త్రిమూర్తుల్లో ఒకరైన ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు యూరోపియన్ల దగ్గర్నుంచి నేర్చుకుని మన సంగీతంలోకి తెచ్చుకున్నది. అన్నగారు కూడా తక్కువవారేం కాదు. తెల్లవాళ్ల బ్యాండు మెట్లకి చక్కగా సంస్కృత సాహిత్యం కట్టేశారు. నొట్టుస్వరాలని ఇప్పటికీ పిల్లలకి నేర్పేవి అవే, వాటిలో బ్రిటిష్ రాజుగారి గీతం మెట్టు కూడా ఉంది. అలా పరాయి దేశం నుంచి వచ్చిన ఫిడేలు మీదే ద్వారం వెంకటస్వామినాయుడు గారు మీ ఊళ్లో తరాలకి పాఠం చెప్పారు. నిన్న మొన్నటి సంగతి చూసినా, పాలకొల్లులో పుట్టిన శ్రీనివాస్ కరెంటు మాండలిన్ తీసుకుని కర్ణాటక కచేరీకి కూర్చుంటే, దాని మీద గమకాలేమిటని, అంటే స్వరాన్ని ఊపి పలికించడం దాని వల్ల ఎక్కడవుతుందని, ముక్కు విరిచినవాళ్లు ఉన్నారు. ఇప్పుడు ఆ ముక్కుల్ని ఎవరూ గుర్తుపెట్టుకోలేదు, ఆయన పేరు ముందు మాండలిన్ ఇంటిపేరై కూర్చుంది.

అందుకని మెటల్ కూడా మోహన రాగమంత గొప్పదని ఒప్పుకోమనడం లేదు. నాకూ అది ఎక్కదు. మా మనవడు వినిపించాడు, రెండో నిమిషంలో తలనొప్పి వచ్చింది. కానీ వాడు చెప్పిన ఒక కథ మీకు చెప్పకుండా ఉండలేను.

ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ అని ఫ్యాక్టరీల ఊరు. టోనీ అయోమీ అని పదిహేడేళ్ల కుర్రాడు అక్కడ ఇనప రేకుల ఫ్యాక్టరీలో పని. గిటార్ వాయించుకోవచ్చని ఆ ఉద్యోగం మానేస్తున్నాడు. చివరి రోజున మిషన్‌లో చెయ్యి పడి కుడిచేతి మధ్యవేలు, ఉంగరపువేలు కొసలు తెగిపోయాయి. అతనిది ఎడమచేతి వాటం, అంటే తీగల మీద నొక్కాల్సిన చెయ్యి అదే. ఇంకొకడైతే గిటార్ అమ్మేసేవాడు. ఇతను ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకి తొడుగులు చేసుకున్నాడు, జారకుండా వాటి మీద తోలుముక్క అంటించుకున్నాడు. సన్నటి తీగలు వేసుకున్నాడు. కొన్నాళ్లకి శ్రుతి కూడా దించి తీగల్ని వదులు చేసుకున్నాడు. అలా వచ్చిందే ఆ బరువైన, బొంగురు ధ్వని. 1970లో అతని బృందం బ్లాక్ సబాత్ మొదటి ఆల్బం వచ్చింది, హెవీ మెటల్ పుట్టుక గురించి మాట్లాడేవాళ్లు చాలామంది అక్కడినుంచే మొదలుపెడతారు. మీకు రంపపు మిల్లులా వినిపించిందన్నారు చూడండి, మరీ అంత తప్పు వినలేదు మీరు, అది నిజంగానే ఒక ఫ్యాక్టరీ ఊరి చప్పుడు.

ఒకసారి మీ ఎడమచేతి వేళ్ల కొసలు తడిమి చూసుకోండి మాస్టారూ. పదేళ్ల సాధకం, ఆపైన రోజూ అరగంట, కాయలు కాసి గట్టిపడి ఉంటాయి. ఆ కొసలే లేకుండా తీగ నొక్కడమంటే ఏమిటో మీ అబ్బాయికన్నా మీకే బాగా తెలుస్తుంది.

ఇక చేయాల్సిన పని. వాడికి ఫోన్ చేసి 'నీకు బాగా నచ్చింది ఒక్కటి పంపరా' అనండి. రెండుసార్లు వినండి, రెండోసారి అరుపులు వదిలేసి డ్రమ్ములు మాత్రం పట్టుకోండి. మీది తాళం తెలిసిన చెవి, లెక్క ఎక్కడ తప్పించి ఎక్కడ కలుపుతున్నాడో దొరుకుతుంది. ఆ తర్వాత నచ్చకపోతే నచ్చలేదనే చెప్పండి. నటించకండి, పిల్లలు ఇట్టే పట్టేస్తారు. 'ఆ గొంతు నాకు పడలేదు, ఆ డ్రమ్ముల వరస మాత్రం బాగుంది' అంటే వాడు నొచ్చుకోడు, ఇంకో పాట పంపుతాడు (దానికీ సిద్ధంగా ఉండండి). రోగం అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోండి. మీరు తిట్టింది పాటనే కావచ్చు, వాడు తగిలించుకున్నది తనకి. మీరు పొద్దున్న వాయిస్తుంటే వాడు ఏనాడైనా తలుపేసుకుని 'ఈ రోగం ఎప్పుడు ఆపుతావు నాన్నా' అన్నాడా?

ఇయర్‌బడ్స్ గురించి మాత్రం మీరు తండ్రిగా గట్టిగా చెప్పొచ్చు. 80 డెసిబెల్స్ మోత అయితే వారానికి 40 గంటలకి మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అది మెటల్ అయినా త్యాగరాజ కీర్తనైనా చెవికి తేడా తెలీదు.

ప్రశ్న: మేడమ్, మాది జగిత్యాల దగ్గర పల్లె. నాకు పెళ్లి కుదిరింది, అబ్బాయిది భీమవరం, హైదరాబాద్‌లో ఒకే ఆఫీసు మాది. మా దగ్గర డప్పులు లేకుండా, బరాత్‌లో తీన్‌మార్ ఆడకుండా పెళ్లి అయినట్టే కాదు. వాళ్లేమో సన్నాయి మేళం, సాయంత్రం వీణ కచేరీ పెడతామంటున్నారు. అది నాకూ ఇష్టమే. కానీ మా నాన్న డప్పుల సంగతి ఎత్తితే కాబోయే అత్తమ్మ 'ఆ గోల మాకెందుకండీ' అన్నారు. మా నాన్న ముఖం చిన్నబోయింది. ఆయన అప్పటినుంచి 'వద్దులే బిడ్డా' అంటున్నాడు. నాకు ఏడుపొస్తోంది. – పెళ్లికూతురు

జవాబు: ఏడవకమ్మా, ఇంకా ముహూర్తం ఉంది. ముందు ఆ గోల అన్న మాట సంగతి చూద్దాం. తాళి కట్టే క్షణంలో గట్టిమేళం అనగానే డోలు, సన్నాయి కలిసి ఎంత మోత మోగిస్తాయో మీ అత్తగారికి తెలియదా? పక్కవాడు తుమ్మినా వినిపించకూడదనే కదా ఆ మోత. దాన్ని మాత్రం ఎవరూ గోల అనరు, మంగళవాద్యం అంటారు. మోత రెండింటికీ ఉంది. మరి ఒకటి మంగళం, ఇంకోటి గోల ఎలా అయ్యాయి? వాయించే చేతులు ఏ వాడవి అన్నదాన్ని బట్టి. చేదుగా ఉన్నా నేను నమ్మేది ఇదే. డప్పుని ఊరి చివరికి నెట్టినవాళ్లే దాని చప్పుడుకి కూడా ఆ పేరు పెట్టారు. మీ అత్తగారు అంత ఆలోచించి అనలేదు, అలవాటుగా నోట్లోంచి వచ్చేసి ఉంటుంది. అలవాటుగా వచ్చే మాటలతోనే చిక్కు.

ఆవిడకి డప్పు దగ్గరగా చూసే అవకాశం ఎప్పుడూ వచ్చి ఉండదు. కట్నకానుకల మాటలకి వచ్చినప్పుడు కాదు, ఊరికే ఒకరోజు మీ ఊరికి భోజనానికి పిలవండి. మేళం మొదలవకముందు గడ్డి మంట వేసి, డప్పు చర్మాన్ని సెగకి చూపించి, వేలితో కొట్టి చూసి, మళ్లీ కాచి, శ్రుతి కుదిరేదాకా వాళ్లు పడే శ్రద్ధ చూపించండి. వీణ తీగలు శ్రుతి చేసుకునే విద్వాంసుడు పడేది కూడా అదే కదా. ఒక చేతిలో లావు సిర్ర, ఇంకో చేతిలో సన్నటి పుల్ల, రెండు చేతులకీ రెండు లెక్కలు. అన్నమయ్య అంటే ఆవిడకి ఇష్టమే అయి ఉంటుంది, ఆయన కూడా జాజర, సువ్వి, ఏల పాటల్ని జనం నోళ్లలోంచే తీసుకున్నారని ఎవరైనా గుర్తుచేస్తే మంచిది. నువ్వు మాత్రం చెప్పకు, కొత్త కోడలు పాఠం చెప్పినట్టుంటుంది. ఆ పని మీ ఆయన చేయాలి. ఉత్తరం మొత్తంలో అతను ఏమన్నాడో ఒక్క ముక్క లేదు, గమనించావా? 'మా మామయ్యగారి డప్పులు ఉండాల్సిందే' అని అతను వాళ్లమ్మతో అంటే సగం పని అయిపోతుంది.

ముహూర్తానికి సన్నాయి, బరాత్‌కి డప్పులు, మర్నాడు వీణ. ఒక పెళ్లిలో అన్నీ పడతాయి. రాత్రి పదిలోపు ముగించుకోండి, అది రూలు కూడా.

ప్రశ్న: అక్కా, బెంగళూరులో ముగ్గురం ఒకే ఫ్లాట్. ఒకడు ఇళయరాజా తప్ప వినడు, ఒకడు రెహమాన్, నేను కొత్త పాటలు. 'ఇప్పుడు పాటలెక్కడున్నాయిరా, అన్నీ డబ్బాలో రాళ్లే' అని ఇద్దరూ కలిసి నా మీద పడతారు. ఎవరిది రైటు?

జవాబు: తమ్ముడూ, వాళ్లిద్దర్నీ పదో తరగతి ఏ సంవత్సరం పాసయ్యారో అడుగు. లేదా ఇంట్లో అన్నయ్యలు ఏ క్యాసెట్లు తెచ్చేవారో అడుగు. పన్నెండు నుంచి ఇరవై ఏళ్లలోపు విన్న పాట జిగురులా అతుక్కుపోతుంది, అందుకే ప్రతివాడికీ తన కాలేజీ రోజులే సంగీతానికి స్వర్ణయుగం. ఇళయరాజా 1976లో వచ్చినప్పుడు అంతకుముందు తరం సంగీత దర్శకుడు ఎం.ఎస్. విశ్వనాథన్ పాటలు విని పెరిగినవాళ్లు పెదవి విరిచారు, 1992లో రెహమాన్ వచ్చినప్పుడు ఇది కంప్యూటర్ మోత అన్నారు. అలా అన్నవాళ్లలో మీ రాజా గారి అభిమానుల అన్నయ్యలు ఉండే ఉంటారు. ఇంకో ఇరవై ఏళ్లకి నువ్వూ ఎవడో కుర్రాడితో 'మా రోజుల్లో పాటలంటే...' అంటావు. రైటు తప్పు తేల్చకు. ఆదివారం గిన్నెలు ఎవరు తోమితే ఆ పూట స్పీకర్ వాళ్లది. మా హాస్టల్లో ఈ పద్ధతి రెండేళ్లు నడిచింది, గిన్నెలు తళతళలాడేవి.

ప్రశ్న: నాకు ఏ పాటా నచ్చదు. సినిమా, భక్తి, శాస్త్రీయం, ఏదీ. పెట్టినా ఫర్వాలేదు, తీసేసినా ఫర్వాలేదు. నలుగురిలో చెబితే రాయిని చూసినట్టు చూస్తారు. మా ఆవిడ 'సంగీతం తెలియనివాడు పశువుతో సమానం' అని శ్లోకం కూడా వినిపించింది. నాలో ఏదైనా లోపం ఉందా? – గుంటూరు

జవాబు: ఏ లోపమూ లేదు. మీలాంటివాళ్లు కొద్దిమంది ఉన్నారని పరిశోధకులు గుర్తించారు. 2014లో బార్సిలోనా వాళ్లు ఇలాంటి మనుషుల్ని కూర్చోబెట్టి పాటలు వినిపించారు, గుండె వేగం, చర్మంలో స్పందన కొలిచారు. ఉలుకూ పలుకూ లేదు. అదే వాళ్లతో డబ్బు గెలిచే ఆట ఆడిస్తే అందరిలాగే సంబరపడ్డారు. అంటే సంతోషించడం రాక కాదు, పాట దగ్గర మాత్రం ఆ తీగ మోగదు. చెవుడు కాదు, మనసు మొద్దుబారడమూ కాదు.

మీ ఆవిడగారి శ్లోకం భర్తృహరిది. అందులో సాహిత్యం, సంగీతం, కళలు మూడూ లేనివాణ్ని తోకా కొమ్ములూ లేని పశువు అన్నాడు. మూడూ అన్నాడండీ, ఒక్కటి లేకపోతే అనలేదు. మీరు రాసిన ఉత్తరం చక్కగా ఉంది, కాబట్టి ఆ లెక్కన మీరు బయటపడ్డట్టే. ఆవిడ పాడేటప్పుడు మాత్రం ఫోన్ చూడకండి. పాట నచ్చకపోయినా పాడే మనిషిని చూడొచ్చు.

ప్రశ్న: మా వీధి చివర గుడి మైకులో తెల్లవారుజామున నాలుగున్నరకే సుప్రభాతం. అడిగితే 'దేవుడి పాట నచ్చదా మీకు' అంటున్నారు. ఇంట్లో మూడు నెలల బిడ్డ ఉంది. ఒకరి ఇష్టాన్ని గౌరవించాలని మీరే అంటారు కదా, ఏం చేయను?

జవాబు: ఇష్టాన్ని గౌరవిస్తాం, మైకుని కాదు. రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు దాకా బహిరంగంగా లౌడ్‌స్పీకర్ వాడకూడదని 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాలు ఉన్నాయి. ఇళ్లున్న చోట పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు. గుడికీ, మసీదుకీ, చర్చికీ, డీజేకీ అదే లెక్క. ఒక్కరే వెళ్తే మీ భక్తి మీద పడతారు, అందుకని వీధిలో నలుగురు పెద్దవాళ్లని కలుపుకుని వెళ్లండి. మైకు గుడి లోపలికి తిప్పమని అడగండి, ఆపమని కాదు. స్వామిని కదా లేపాల్సింది, ఆయన లోపలే ఉన్నాడు. వినకపోతే పోలీసులకి చెప్పే హక్కు మీకుంది.

ప్రశ్న: ఆంటీ, నేను ఎనిమిదో తరగతి. నాకు కొరియా పాటలంటే పిచ్చి. మా నాన్నమ్మ 'అర్థం తెలియని పాట పాడటం ఏమిటే, చిలకలా' అని తిడుతుంది. నాన్నమ్మ రోజూ టీవీలో త్యాగరాజ కీర్తనలు వింటుంది. ఆవిడకి ఏం చెప్పాలి? – నెల్లూరు

జవాబు: బంగారూ, ఎదురు చెప్పకు, ఒక ప్రశ్న అడుగు. 'నాన్నమ్మా, తిరువయ్యారు ఎక్కడుంది?' తమిళనాడులో అంటుంది. పుష్య మాసంలో బహుళ పంచమినాడు అక్కడ కావేరి ఒడ్డున వందలమంది కూర్చుని త్యాగరాజుగారి అయిదు పంచరత్నాలూ కలిసి పాడతారు. నాలుగు తెలుగు, ఒకటి సంస్కృతం. పాడేవాళ్లలో చాలామందికి తెలుగులో మంచినీళ్లు అడగడం కూడా రాదు. అయినా కళ్లు మూసుకుని, తలలూపుతూ, కొందరు కళ్లనీళ్లు పెట్టుకుని పాడతారు. వాళ్లూ చిలకలేనా అని అడుగు.

మీ నాన్నమ్మ మాటలోనూ పస ఉంది, అది కూడా ఒప్పుకో. అర్థంకాని భాషలోనే ఎందుకు పాడాలి, మా భాషలో పాడండి అని అక్కడి తమిళులే గట్టిగా అడిగారు, 1943లో మద్రాసులో తమిళ ఇసై సంగం (తమిళ సంగీత సంఘం) పెట్టుకున్నారు కూడా. అందుకని నువ్వు పాడే పాటకి అర్థం వెతికి, ఒక కాగితం మీద తెలుగులో రాసి, నాన్నమ్మకి చదివి వినిపించు. బదులుగా ఆవిడ్ని ఒక కీర్తనకి అర్థం చెప్పమను. త్యాగరాజుగారి తెలుగు మనకీ అంత సులువుగా కొరుకుడు పడదు, ఆవిడ ఎక్కడ తడబడుతుందో చూడు, కానీ నవ్వకు. ఏ కీర్తన చెప్పిందో వచ్చే నెల నాకు రాయి.